రెయిన్‌బో చేపలు: చెన్నై నీళ్ళలో, చెన్నై ఎండలో పెంచే పద్ధతి

చెన్నైలో అక్వేరియం చేపలమ్మే కొళత్తూరు నుంచి రెయిన్‌బో చేపలు తెచ్చుకున్నవాళ్ళు నన్ను అడిగేవి ముఖ్యంగా రెండే ప్రశ్నలు. "ఫొటోలో అంత రంగుంది, మా ఇంట్లో బూడిద రంగులోనే ఎందుకున్నాయి?" అన్నది ఒకటి. "వారం తిరక్కుండా మూడు పోయాయి, ఎందుకు?" అన్నది రెండోది.

రెండింటికీ జవాబు ఒక్కటే. ఈ చేపల రంగు దుకాణంలో కొనుక్కొచ్చేది కాదు. నీళ్ళు, తోడు, తిండి, వెలుతురు కుదిరాక ఆరు నెలలకో ఏడాదికో మన ఇంట్లో వచ్చేది. చేప కన్నా ముందు ఇంటిని సిద్ధం చేసుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. నేనుండేది చెన్నై విల్లివాక్కంలో, అందుకే ఇక్కడి నీళ్ళ లెక్కలోనే రాస్తున్నాను. బెంగళూరుకి తేడా వచ్చేచోట విడిగా చెబుతాను.

1. ముందు రకం తేల్చుకోండి, ఆ తర్వాతే ట్యాంకు

రెయిన్‌బో అన్న ఒకే పేరు మీద చాలా రకాలు అమ్ముతారు. అన్నిటికీ ఒకే ట్యాంకు సరిపోదు.

- బోసెమాని: తల వైపు నీలం, తోక వైపు నారింజ. న్యూగినీ దీవిలో ఇండోనేషియా వైపున్న అయమారు సరస్సుల చేప. మగది 10, 11 సెంటీమీటర్లు పెరుగుతుంది.
- టర్కాయిస్: పాపువా న్యూగినీలోని కుటుబు సరస్సు చేప. సైజు దాదాపు అంతే.
- రెడ్ రెయిన్‌బో: సెంటాని సరస్సుది. 15 సెంటీమీటర్ల దాకా పోతుంది.
- డ్వార్ఫ్ నియాన్: దుకాణంలో ప్రీకాక్స్ అని కూడా అంటారు. సుమారు 6 సెంటీమీటర్లు.
- థ్రెడ్‌ఫిన్: 4, 5 సెంటీమీటర్లు. రెక్కలు దారాల్లా సాగుతాయి.

మొదటి మూడింటికీ 4 అడుగుల ట్యాంకు కావాలి. ఇవి రోజంతా ఆ చివర నుంచి ఈ చివరకు ఈదే చేపలు కాబట్టి ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. ప్రీకాక్స్‌కి 3 అడుగులు చాలు. థ్రెడ్‌ఫిన్‌కి 2 అడుగులు సరిపోతుంది గానీ నోరు మరీ చిన్నది, పెద్ద రెయిన్‌బోల మధ్య దానికి తిండి దొరకదు. దాన్ని విడిగానే ఉంచండి.

మొదటిసారి పెంచేవాళ్ళకి నేను బోసెమానినే తీసుకోమంటాను. మన బోరు నీళ్ళలోని కఠినత్వాన్ని అది బాగా తట్టుకుంటుంది.

2. మీ కొళాయిలో వచ్చేది ఏ నీళ్ళు?

చెన్నైలో చాలా ఇళ్ళలో మెట్రో వాటర్, బోరు, లారీ నీళ్ళు మూడూ ఒకే సంపులో కలుస్తాయి. మెట్రో వాటర్ కూడా ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. చెంబరంబాక్కం, పుళల్ చెరువుల నీళ్ళుంటాయి. కండలేరు నుంచి పూండికి వచ్చే మన కృష్ణ నీళ్ళుంటాయి. నెమ్మేలి లాంటి ప్లాంట్లలో సముద్రపు నీటి నుంచి తీసిన మంచినీళ్ళుంటాయి. పక్కింటివాళ్ళ అనుభవం మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. మీ కొళాయి నీళ్ళు మీరే పరీక్షించుకోవాలి.

కొలవాల్సినవి, ఉండాల్సినవి:

- పీహెచ్: 7 నుంచి 8.
- కఠినత్వం, అంటే జీహెచ్: 8 నుంచి 15 డిగ్రీలు (dGH) హాయి. 20 దాకా బోసెమాని, టర్కాయిస్ సర్దుకుంటాయి.
- వేడి: 24 నుంచి 28 డిగ్రీలు.
- అమ్మోనియా, నైట్రైట్: సున్నా.

నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు ఒక్కటే నమ్ముకోకండి. కందిపప్పు ఉడకనివ్వని, సబ్బు నురగ రానివ్వని నీళ్ళలో ఉండేది కాల్షియం, మెగ్నీషియం. వాటితో ఈ చేపలకు ఇబ్బంది లేదు. కానీ బెసంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం దగ్గరి చోట్ల బోరులో ఉప్పు కూడా ఉండొచ్చు. మీటరు రెండింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. నోట్లో వేసుకుంటే ఉప్పగా తెలిసే నీళ్ళు వాడొద్దు. కఠినత్వం మరీ ఎక్కువైతే మెట్రో వాటర్ సగం కలపండి. ఆ పాళ్ళు రాసిపెట్టుకుని ప్రతిసారీ అలాగే కలపండి.

ఉత్త ఆర్‌వో నీళ్ళు పోయకండి. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలవదు. ఆర్‌వో మిషన్ బయటికి వదిలే నీళ్ళూ వద్దు, కొళాయిలో ఉన్న ఉప్పంతా వాటిలో చిక్కబడి ఉంటుంది. బెంగళూరులో చాలా అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ ఉంటుంది. అది కాల్షియం తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. సాఫ్ట్‌నర్‌కి ముందు నీళ్ళు పట్టుకునే కొళాయి ఎక్కడుందో అడిగి తెలుసుకోండి.

ఇక క్లోరిన్. మెట్రో వాటర్‌లో ఉంటుంది, లారీ నీళ్ళలోనూ ఉండొచ్చు. సీసా మీద రాసిన కొలత ప్రకారం యాంటీ క్లోరిన్ వేయండి. లేదా డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు వదిలేయండి.

నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. ఒక ఆదివారం మా అపార్ట్‌మెంట్ సంపు కడిగి బ్లీచింగ్ పౌడర్ వేశారు. ఆ సంగతి తెలియక ఎప్పటి కొలతలోనే యాంటీ క్లోరిన్ వేసి నీళ్ళు మార్చాను. రెండు గంటల్లో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నాలుగేళ్ళు పెంచిన జత పోయింది. అప్పటినుంచి సంపు ఎప్పుడు కడుగుతారో వాచ్‌మన్‌ని అడగనిదే నీళ్ళు మార్చను. కడిగిన తర్వాత మూడు రోజులు ఆ నీళ్ళు ముట్టుకోను. మీరు కూడా ఈ ఒక్క అలవాటు చేసుకోండి.

3. ట్యాంకు, స్టాండు, మూత

4 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే సుమారు 250 లీటర్లు. గాజు 10 మిల్లీమీటర్లది అడగండి. నీళ్ళు, గాజు, ఇసుక అన్నీ కలిపి 300 కిలోలు దాటుతుంది. బాల్కనీ అంచున కాకుండా లోపలి గోడ వారగా, కింద దూలం ఉన్నచోట పెట్టండి. స్టాండు మీద రసమట్టం పెట్టి చూసి, థర్మోకోల్ పరిచి, ఆ మీద ట్యాంకు ఎక్కించండి. ఒక మూల కాస్త ఎత్తయినా అతుకు మీద బరువు పడి ఏదో ఒకరోజు కారడం మొదలవుతుంది. పడమటి ఎండ పడే కిటికీ పక్కన మాత్రం వద్దు.

మూత తప్పనిసరి. రెయిన్‌బోలు బెదిరితే ఎగురుతాయి, వైరు కోసం వదిలిన చిన్న సందులోంచి కూడా బయటపడతాయి. అయితే నిండుగా కప్పే గాజు మూత చెన్నై వేడిని లోపలే బిగపడుతుంది. అల్యూమినియం చట్రానికి సన్నని దోమతెర బిగించిన మూత చేయించుకోండి.

అడుగున నల్లటి లేదా ముదురు రంగు ఇసుక వేయండి. తెల్ల రాళ్ళ మీద ఈ చేపలు పాలిపోయి కనిపిస్తాయి. మొక్కలు వెనక, పక్కల మాత్రమే ఉంచి మధ్యలో ఈదడానికి చోటు వదలండి. కఠినమైన నీళ్ళలో వల్లిస్నేరియా బాగా సాగుతుంది. జావా ఫెర్న్, అనూబియాస్, హార్న్‌వర్ట్ కూడా ఇబ్బంది పెట్టవు.

ఫిల్టర్ గంటకు 1000 నుంచి 1200 లీటర్లు తిప్పేది చూసుకోండి. నీళ్ళు పొడవునా పారేలా ఒక చివర బిగించండి. దానితో పాటు ఒక స్పాంజ్ ఫిల్టర్ కూడా ఇప్పుడే ట్యాంకులో వేసి నడపండి. ఎందుకో ఆరో భాగంలో తెలుస్తుంది.

4. సైక్లింగ్: నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి

చేపలు పోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ దశను వదిలేయడమే. చేప విసర్జించే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగాలి. ఆ పెరగడానికే ఇన్ని వారాలు.

మన ఊళ్ళో ఇది మరీ ముఖ్యం. నీళ్ళ పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే విషపూరిత భాగం సుమారు పది రెట్లవుతుంది. వేరే ఊళ్ళో చేప ఓర్చుకునే అమ్మోనియా మోతాదు చెన్నై బోరు నీళ్ళలో, మే నెల వేడిలో దాన్ని చంపేస్తుంది.

వరస ఇలా:

- ట్యాంకు నింపి, క్లోరిన్ తీసి, రెండు ఫిల్టర్లూ రాత్రింబవళ్ళు నడపండి.
- రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా వస్తుంది.
- రెండు రోజులకోసారి అమ్మోనియా, నైట్రైట్ చూసి తేదీతో రాసుకోండి.
- ముందు అమ్మోనియా ఎక్కి దిగుతుంది, తర్వాత నైట్రైట్ ఎక్కి దిగుతుంది.
- మేత వేస్తూనే ఉన్నా వరసగా వారం రోజులు రెండూ సున్నా చూపిస్తే సిద్ధమైనట్టు.
- చివర్లో సగం నీళ్ళు మార్చండి.

ఆరోగ్యమైన ట్యాంకు ఉన్న స్నేహితుల దగ్గర పాత ఫిల్టర్ స్పాంజ్ ముక్క దొరికితే పని బాగా తొందరగా అవుతుంది. ఆ ముక్కను తడి ఆరనివ్వకుండా తీసుకురండి.

5. దుకాణంలో ఏం చూడాలి

కొళత్తూరు వీధుల్లో వరసగా దుకాణాలే. ఒకేరోజు కొనకుండా ముందు ఒకసారి ఊరికే వెళ్ళి చూసి రండి. ట్యాంకుల్లో చచ్చిన చేపలు అలాగే తేలుతున్నచోట ఆగొద్దు.

4, 5 సెంటీమీటర్ల పిల్లలే తీసుకోండి. అవి వెండి రంగులో, చూడ్డానికి సాదాగా ఉంటాయి. వాటిని చూసి చాలామంది నిరాశపడి పక్క ట్యాంకుకి వెళ్ళిపోతారు. ఆ సాదా పిల్లలే సరైనవి. ఒళ్ళు చిన్నదిగా ఉండి కళ్ళు మరీ పెద్దగా కనిపించేవి ఎదుగుదల ఆగిపోయినవి, వాటిని వదిలేయండి.

రెండో పొరపాటు, రంగు కోసం మగవే ఏరుకోవడం. మగది రంగు విప్పేది ఆడదాని ముందు. ఆడవి లేని ట్యాంకులో ఆ విప్పడం తగ్గిపోతుంది. పది కొంటే నాలుగు మగ, ఆరు ఆడ ఉండేలా చూడండి. ఈ చేపకు వీపు మీద రెండు రెక్కలుంటాయి. ముందు రెక్క కొస సాగి వెనక రెక్కను తాకుతుంటే మగది. పొట్టిగా, గుండ్రంగా ఉండి మధ్యలో ఎడం కనిపిస్తే ఆడది. మరీ పిల్లల్లో ఇది తెలియదు, అప్పుడు పది కలిపి కొనడమే మార్గం. ఆరుకు తక్కువ మాత్రం ఎప్పుడూ వద్దు.

డబ్బు ఇచ్చే ముందు:

- వెన్ను తిన్నగా ఉందా?
- నోటి చుట్టూ తెల్ల బూజు, ఒంటి మీద చుక్కలు, పుండ్లు లేవు కదా?
- మేత వేయమనండి. పరుగెత్తుకొచ్చి తింటున్నాయా?

సాయంత్రం ఎండ తగ్గాక కొనండి. మధ్యాహ్నం బండి డిక్కీలో పెట్టిన సంచి అరగంటలో వేడెక్కిపోతుంది.

6. క్వారంటైన్, తర్వాత విడుదల

2 అడుగుల ట్యాంకు ఒకటి విడిగా పెట్టండి. ఇన్నాళ్ళూ పెద్ద ట్యాంకులో నడిచిన ఆ స్పాంజ్ ఫిల్టర్ తీసి ఇందులో వేయండి. అందులో బ్యాక్టీరియా ఇప్పటికే ఉంది కాబట్టి ఈ ట్యాంకుకి విడిగా సైక్లింగ్ అక్కర్లేదు. పెద్ద ట్యాంకు ఫిల్టర్ పస్తు ఉండకుండా అక్కడ రోజూ చిటికెడు మేత వేస్తూనే ఉండండి.

సంచి 20 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత సంచిలోని నీళ్ళతో సహా చేపల్ని బకెట్లోకి మార్చి, సన్నని గొట్టంతో మన నీళ్ళు చుక్కలుగా ముప్పావుగంట కలపండి. చివర్లో వలతో చేపల్నే తీయండి, దుకాణం నీళ్ళు పోయకండి. ఆ రోజు మేత వద్దు, లైటు వద్దు. నాలుగు వారాలు అక్కడే ఉంచి గమనించండి.

తోడుగా వేరే చేపలు కావాలంటే బ్రిసిల్‌నోజ్ ప్లెకో, స్టెర్బై కోరీ చెన్నై వేడిని తట్టుకుంటాయి. గోల్డ్ ఫిష్, బెట్టా, ఆస్కార్ వద్దు. మిస్ కేరళ చల్లని నీళ్ళ చేప, బెంగళూరులో కుదురుతుంది గానీ మనకి కష్టం.

7. తిండి

వీటి నోరు పెద్దగా కనిపించినా గొంతు సన్నం. ఒక మిల్లీమీటరు దాటని గింజ మేతే వేయండి. పెద్ద గింజలు ఇరుక్కుంటాయి.

రోజుకు రెండుసార్లు, నిమిషంలో ఖాళీ అయ్యేంత వేయండి. వారంలో రెండు రోజులు ఫ్రోజెన్ డాఫ్నియా గానీ ఆర్టీమియా గానీ (రెండూ చిన్న నీటి జీవులు) ఇవ్వండి. ఒకరోజు ఉడికించిన పాలకూర సన్నగా తరిగి వేయండి. ఒకరోజు పస్తు. ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టే పైకొస్తాయి, జాలిపడి వేస్తే కొవ్వు పట్టి పొట్టలు పెరుగుతాయి. మురుగు కాలువల్లో పట్టే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు వద్దు, వాటితో రోగాలు వస్తాయి.

8. ప్రతివారం చేసేది

మూడో వంతుకు కాస్త తక్కువగా, అంటే 25 నుంచి 30 శాతం నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళు పడిన మర్నాడు ఉదయం ఈ చేపల్ని గమనించండి. మగవి తల మీద మెరుపు గీత వెలిగించి ఒకదాని పక్కన ఒకటి సాగుతాయి. పొద్దున లైటు పడిన మొదటి గంటలోనే ఈ ఆట ఎక్కువ. అందుకే లైటు సాయంత్రం కాకుండా పొద్దున మొదలయ్యేలా టైమర్ పెట్టండి, రోజుకు 8 గంటలు చాలు.

నీళ్ళు మార్చడం తెల్లవారుజామునే పెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. ఫిల్టర్ స్పాంజ్‌ని కొళాయి కింద కడగొద్దు, క్లోరిన్ బ్యాక్టీరియాని చంపేస్తుంది. ట్యాంకు నుంచి తీసిన నీళ్ళ బకెట్లోనే పిండండి.

9. రోహిణి కార్తె, కరెంటు కోత, తుపాను

నీళ్ళు 25 డిగ్రీలున్నప్పుడు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతుంది. 32 డిగ్రీలకు అది 7.3కి దిగుతుంది. అదే వేడికి చేపకు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. కాబట్టి ఎండాకాలంలో మొదట పెంచాల్సింది గాలి. ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి.

తర్వాత నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాను ఏటవాలుగా పెట్టండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు అంత తగ్గదు. ఆవిరై తగ్గిన నీళ్ళ స్థానంలో ఆర్‌వో నీళ్ళు పోయండి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు లోపలే మిగులుతాయి కాబట్టి ఈ ఒక్క పనికి ఆర్‌వో నీళ్ళే సరైనవి. ఐస్ గడ్డలు వేయకండి, వేడి ఒక్కసారిగా పడిపోతే చేప దెబ్బతింటుంది.

చెన్నైలో హీటర్ దాదాపు అక్కర్లేదు. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులకు తప్పనిసరి, 25 డిగ్రీలకు పెట్టండి.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి చాలా ప్రాంతాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు వచ్చేసరికి ఇవి సిద్ధంగా పెట్టుకోండి:

- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, రెండు జతల బ్యాటరీలు
- మూత ఉన్న డ్రమ్ములో 50 లీటర్ల మంచి నీళ్ళు, ఎందుకంటే వరద నీరు సంపులోకి దిగొచ్చు
- అమ్మోనియా పరీక్ష కిట్

కరెంటు పోతే మేత ఆపేయండి. కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) రెండు మూడు గంటలకు మించి ఆగితే, కరెంటు రాగానే అలాగే ఆన్ చేయొద్దు. లోపల కుళ్ళిన నీళ్ళు పారబోసి, ట్యాంకు నీళ్ళతో ఒకసారి కడిగి అప్పుడు నడపండి.

10. ఏదో తేడాగా ఉందా?

రంగు రావడం లేదు: వయసు ఏడాది లోపైతే ఆగండి. ఆ తర్వాత కూడా రాకపోతే ఆడవి ఉన్నాయా, అడుగు ముదురు రంగులో ఉందా, నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటిందా అని వరసగా చూడండి. రంగు పెంచే మేతల సంగతి అన్నిటికన్నా చివర.

అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి: ముందు గాలి పెంచండి. క్లోరిన్ అనుమానముంటే వెంటనే యాంటీ క్లోరిన్ వేయండి. అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఏది కనిపించినా క్లోరిన్ తీసిన మంచి నీళ్ళతో మూడో వంతు మార్చండి.

ఒంటి మీద రవ్వంత తెల్ల చుక్కలు: వైట్ స్పాట్. రెండు రోజుల్లో మెల్లగా 30 డిగ్రీలకు పెంచి, గాలి బాగా ఇచ్చి, లీటరుకు 2 గ్రాముల రాళ్ళ ఉప్పు రెండు విడతల్లో కరిగించి పోయండి. చుక్కలు పోయాక కూడా పది రోజులు ఆపొద్దు. చర్మం కింద ఉన్న పురుగుకి మందు తగలదు, అది బయటికొచ్చి ఈదేటప్పుడే చస్తుంది.

తింటున్నా చిక్కిపోవడం, వెన్ను వంగడం, మానని పుండు: చేపల టీబీ కావొచ్చు. రెయిన్‌బోల్లో ఇది కనిపిస్తూ ఉంటుంది. నమ్మదగిన మందు లేదు. ఆ చేపను వెంటనే వేరుచేయండి. ఇది చేతి గాయం ద్వారా మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి చెయ్యి తెగి ఉన్నప్పుడు గ్లవ్స్ లేకుండా ట్యాంకులో పెట్టకండి.

11. గుడ్లు పెడితే

కుదురుకున్న జంటలు చాలా రోజులు, ఎక్కువగా పొద్దునే, కొన్ని కొన్ని గుడ్లు పెడతాయి. ముదురు ఆకుపచ్చ అల్లిక ఊలు గుత్తిగా కట్టి వేలాడదీయండి. సన్నని దారాలతో గుడ్లు దానికి అతుక్కుంటాయి. రెండు రోజులకోసారి వేళ్ళతో ఏరి, బూజు పట్టకుండా కొద్దిగా మెథిలీన్ బ్లూ అనే నీలి మందు వేసిన నీళ్ళ డబ్బాలో పెట్టండి. 26, 27 డిగ్రీల్లో వారం, పది రోజులకు పిల్లలు వస్తాయి.

అవి కనురెప్ప వెంట్రుకంత ఉండి నీటి పైపొరలోనే తిరుగుతాయి. మొదటి వారం పది రోజులు ఇన్ఫ్యూసోరియా, అంటే నీళ్ళలో పెరిగే సూక్ష్మజీవులు, మేతగా కావాలి. గుడ్లు ఏరిన రోజే సీసాలో నీళ్ళు పోసి క్యాబేజీ ఆకు వేసి ఎండ తగలని వెలుతురులో ఉంచితే అప్పటికి తయారవుతుంది. తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా ఇవ్వండి. పిల్లలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. 3 సెంటీమీటర్లు దాటాకే పెద్ద ట్యాంకులో వదలండి.

బోసెమాని, టర్కాయిస్ కలిసి ఉన్న ట్యాంకులో గుడ్లు తీయకండి. రెండు రకాలూ కలిసిపోయి సంకరం పిల్లలు పుడతాయి, ఆడవాటిని చూసి ఏది ఏదో చెప్పడం కూడా కష్టం. పిల్లల్ని ఇతరులకు ఇవ్వాలనుకుంటే ఒకే రకం ఉన్న ట్యాంకు నుంచే తీసి, రకం పేరు సంచి మీద రాసి ఇవ్వండి.